చదివింది నిలవాలంటే.. ఆ సందు సంగతి తెలియాలి!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల.. ఏ ఊళ్లోనైనా సరే గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగాలకో, డీఎస్సీకో చదివేవాళ్లను కదిలించి చూడండి. ఎక్కువగా వినిపించే మాట ఇదే: ‘చదివింది నిలుస్తలేదన్నా!’

పొద్దున్నే లైబ్రరీకి వెళ్తారు. ఇండియన్‌ పాలిటీ మీద ఒకే బిగిన ఎనిమిది గంటలు కూర్చుంటారు. లైన్ల కింద గీతలు, గీతల మీద రంగులు. వారం తర్వాత మాక్‌ టెస్ట్‌లో అదే చాప్టర్‌ నుంచి ప్రశ్న వస్తుంది. చదివిన పేజీ కళ్ల ముందు కనిపిస్తుంది, ఎడమ పక్కన ఉందని కూడా గుర్తుంటుంది. జవాబు మాత్రం రాదు! ఇంట్లో నాన్న ఏమీ అనడు. కానీ ‘ఇంకెన్ని రోజులు బిడ్డా?’ అనే ప్రశ్న అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ వినిపిస్తూనే ఉంటుంది. అప్పుడు మన మీద మనకే అనుమానం మొదలవుతుంది.. నాకు బుర్ర తక్కువేమో అని.

ఆ అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టండి. మీ తలలో ఒక నాడీకణానికీ ఇంకో నాడీకణానికీ మధ్య చాలా సన్నని సందు ఉంటుంది. దాన్నే సినాప్స్‌ అంటారు. చదివింది నిలవడం, నిలవకపోవడం చాలావరకు అక్కడే తేలుతుంది. ఆ సందుకు కొన్ని పద్ధతులున్నాయి. అవి తెలిస్తే టైంటేబుల్‌ మారుతుంది. పదో తరగతి జీవశాస్త్రంలో ‘నియంత్రణ–సమన్వయం’ పాఠంలో దీన్ని ఒకసారి చూసే ఉంటారు. ఇప్పుడు మార్కుల కోసం కాకుండా మన కోసం చూద్దాం.

తీగ ఆగిపోయే చోటు

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటాయి. ఒక్కో కణం మిగతావాటితో వేల చోట్ల కలుస్తుంది. ‘కలుస్తుంది’ అంటున్నాం గానీ, నిజానికి ఎక్కువ చోట్ల ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో 20 నుంచి 40 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. మీ నోట్‌బుక్‌లోని ఒక్క కాగితం మందంలో ఇలాంటి సందులు వేలల్లో పడతాయి.

ఈ విషయం మీద శాస్త్రవేత్తలే కొట్లాడుకున్నారు. నాడులన్నీ ఒకే అల్లికలా కలిసిపోయి ఉంటాయని ఇటలీకి చెందిన గాల్జీ వాదించాడు. కాదు, ఏ కణం దానికదే విడిగా ఉంటుందని స్పెయిన్‌కు చెందిన కహాల్‌ అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్‌ ఇస్తే, ఆ వేదిక మీద కూడా ఎవరి వాదన వాళ్లే వినిపించారు. చివరికి నిలిచింది కహాల్‌ మాట. ‘సినాప్స్‌’ అన్న పేరు మాత్రం 1897లో బ్రిటన్‌ శాస్త్రవేత్త షెరింగ్టన్‌ ద్వారా వాడుకలోకి వచ్చింది.

మరి ఖాళీని సంకేతం ఎలా దాటుతుంది? ధర్మపురి వైపు వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. రోడ్డు మీద ఎంత స్పీడుగా వచ్చిన బస్సయినా గోదావరిలోకి దిగదు కదా! వంతెన లేనిచోట జనం ఒడ్డున దిగి పడవెక్కాలి. అవతలి ఒడ్డున మళ్లీ ఇంకో బస్సు పట్టుకోవాలి. నాడీకణంలోనూ అంతే. కణం లోపల సంకేతం కరెంటు రూపంలో పోతుంది. వేగంగా వెళ్లే నాడుల్లో అది సెకనుకు 100 మీటర్లు కూడా దాటుతుంది. కణం చివరికి రాగానే కరెంటు ప్రయాణం అయిపోతుంది. అక్కడి నుంచి రసాయనం పని మొదలవుతుంది.

అంచెలంచెలుగా చూద్దాం. కరెంటు చివరకు చేరగానే అక్కడి తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది. ఆ చివర్లో చిన్న చిన్న సంచులు రసాయనంతో నిండి సిద్ధంగా ఉంటాయి. ఆ రసాయనమే న్యూరోట్రాన్స్‌మిటర్‌. ఒక్కో సంచిలో వేల అణువులుంటాయి. కాల్షియం రాగానే సంచులు కణం గోడకు అతుక్కుని, లోపలున్నదాన్ని సందులోకి ఒంపేస్తాయి. ఆ అణువులు అవతలి కణం మీదున్న రిసెప్టర్లకు తగులుకుంటాయి. తాళానికి తాళంచెవి పడ్డట్టు! దాంతో అవతలి కణంలో మళ్లీ కరెంటు మార్పు మొదలవుతుంది. ఇదంతా సుమారు అర మిల్లీసెకనులో అయిపోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అన్ని రసాయనాలూ ‘కానివ్వు’ అనే చెప్పవు. మెదడులో గ్లుటమేట్‌ ఎక్కువగా అవతలి కణాన్ని ఉత్తేజపరుస్తుంది. గాబా అనేది ‘ఆగు’ అని చెబుతుంది. ఒక కణానికి ఒకేసారి వేల చోట్ల నుంచి ‘కానివ్వు’, ‘ఆగు’ అనే కబుర్లు వస్తుంటాయి. అన్నీ కలిపి లెక్క ఒక హద్దు దాటితేనే అది ముందుకు కబురు పంపుతుంది.

సందును దాటించేది రసాయనమేనని 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ తేల్చాడు. రెండు కప్ప గుండెలను తీసుకున్నాడు. మొదటిదానికి వెళ్లే నాడిని ప్రేరేపిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందించాడు. నాడిని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది! అంటే కబురు ఆ నీళ్లలో ఉన్నట్టే. ఆ పదార్థం ఎసిటైల్‌ కోలిన్‌ అని తర్వాత తేలింది. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు నోబెల్‌ వచ్చింది.

ఆపడం కూడా పనే

సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసేవాళ్లను అడగండి. సాంచా నడవడం ఎంత ముఖ్యమో, దారం తెగినప్పుడు ఆపడమూ అంతే ముఖ్యమని చెబుతారు. ఆగకుండా నడిస్తే బట్ట పాడవుతుంది. సినాప్స్‌ కూడా అంతే. కబురు అందాక రసాయనాన్ని వెంటనే తుడిచేయాలి. కొన్ని చోట్ల పంపిన కణమే దాన్ని వెనక్కి లాగేసుకుంటుంది. కండరాన్ని కదిలించే నాడి దగ్గర మాత్రం ఎసిటైల్‌ కోలినెస్టరేజ్‌ అనే ఎంజైమ్‌ ఆ పని చేస్తుంది. ఒక్క ఎంజైమ్‌ అణువు సెకనులో వేల ఎసిటైల్‌ కోలిన్‌ అణువులను విరిచేస్తుంది.

ఇప్పుడు మన పొలాల సంగతికొద్దాం. ఆర్గానోఫాస్ఫేట్‌ రకం పురుగుమందులు చేసే పని ఏంటంటే, ఈ ఎంజైమ్‌ను పనిచేయకుండా బిగించేయడం. దాంతో పురుగు నాడుల్లో ‘కానివ్వు’ అన్న కబురు ఆగదు. అది కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. అయితే అదే ఎంజైమ్‌ మందు కొట్టే రైతు ఒంట్లోనూ ఉంది, కొట్టంలోని బర్రె ఒంట్లోనూ ఉంది. మందుకు తేడా తెలియదు. చర్మం నుంచి, ఊపిరి నుంచి ఒంట్లోకి చేరితే చెమటలు, నోట్లో నీళ్లూరడం, కంటిపాపలు చిన్నవైపోవడం, కండరాలు అదరడం మొదలవుతాయి. ముదిరితే ఊపిరి అందదు.

ఇది ఎంత ప్రమాదమో 2013 జులైలో దేశమంతా చూసింది. బిహార్‌లోని సారణ్‌ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్‌ కలిసిందని పరీక్షల్లో తేలింది. అది ఈ రకం మందే.

మీ ఇంట్లో ఎవరైనా మందు కొడుతుంటే ఈ నాలుగు మాటలు ఈరోజే చెప్పండి. డబ్బా మీది రంగు చూడాలి: ఎరుపు అన్నింటికన్నా విషం ఎక్కువ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. గాలికి ఎదురుగా కొట్టొద్దు. చేతులకు గ్లౌజులు, మూతికి మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఖాళీ డబ్బాను నీళ్లకో నూనెకో అస్సలు వాడొద్దు. పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా తడిసిన బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్‌ చేయాలి. మందు డబ్బాను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి. ఏ మందో తెలిస్తే డాక్టరు పని సులువవుతుంది. వాళ్లిచ్చే అట్రోపిన్‌ కూడా పనిచేసేది రిసెప్టర్ల దగ్గరే. తాళంలో అడ్డుగా కూర్చుని, మితిమీరిన ఎసిటైల్‌ కోలిన్‌ను తగలనివ్వదు.

టీ తాగితే శక్తి వస్తుందా?

పరీక్షల కాలంలో రాత్రి పన్నెండింటికి టీ తాగడం మామూలే. టీలోని కెఫీన్‌ శక్తినేమీ ఇవ్వదు. మెదడు పనిచేసేకొద్దీ ఏటీపీ ఖర్చవుతుంది. ఏటీపీ అంటే కణాలకు కరెన్సీ లాంటిది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి గుర్తించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్‌ కూడా దాన్ని విడిగా గుర్తించాడు. ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు, శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం లాగేస్తుంది. అందులో పెద్ద వాటా సినాప్స్‌ల దగ్గర సంకేతాలు పంపడానికే పోతుంది.

ఏటీపీ విరిగేకొద్దీ అడెనోసిన్‌ పోగవుతుంది. అది తన రిసెప్టర్లలో కూర్చుని ‘ఇక పడుకో’ అంటుంది. కెఫీన్‌ వచ్చి ఆ కుర్చీలో ముందే కూర్చుంటుంది. అలసట పోదు, అలసట కబురు మాత్రం అందదు. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి పదకొండింటి టీ తెల్లవారుజామున నాలుగింటికి కూడా సగం మిగిలి ఉంటుందన్నమాట. నిద్రకు దెబ్బ పడితే చదువుకేమవుతుందో ఇప్పుడు చూద్దాం.

సముద్రపు నత్త చెప్పిన పాఠం

జ్ఞాపకం ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి ఎరిక్‌ కాండెల్‌ అనే శాస్త్రవేత్త ఎప్లీసియా అనే సముద్రపు నత్తను ఎంచుకున్నాడు. దానికున్న నాడీకణాలు సుమారు 20 వేలే. పైగా పెద్దవి. దాని సైఫన్‌ను తాకితే మొప్పను ముడుచుకుంటుంది. తోక మీద చిన్న షాక్‌ ఇస్తే, ఆ తర్వాత కాస్త తాకినా గట్టిగా ముడుచుకుంటుంది. అంటే ‘ఇక్కడ ప్రమాదం’ అని నేర్చుకుంది.

ఒక్కసారి షాక్‌ ఇస్తే ఆ జ్ఞాపకం కాసేపే ఉంది. అదే షాక్‌లను కొన్ని రోజుల మీద విడివిడిగా ఇస్తే వారాలపాటు నిలిచింది! కాండెల్‌ బృందం లోపల ఏం జరిగిందో చూసింది. కాసేపు నిలిచే జ్ఞాపకంలో, ఉన్న సినాప్స్‌లోనే రసాయనం కొంచెం ఎక్కువగా విడుదలవుతుంది. అంతే, కొత్తగా కట్టేదేమీ లేదు. ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకానికి మాత్రం కణంలోని జన్యువులు పనిలోకి దిగాలి, కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి, కొత్త సినాప్స్‌లు మొలవాలి. అలా నేర్చుకున్న నత్తల్లో ఆ కణాల కొసలు దాదాపు రెట్టింపయ్యాయి. ఈ పనికి కాండెల్‌కు 2000లో నోబెల్‌ దక్కింది.

ఇది నత్త కథేనా అంటారేమో. 1973లో బ్లిస్, లోమో అనే ఇద్దరు కుందేలు మెదడులో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, గట్టిగా వాడిన సినాప్స్‌ గంటల తరబడి బలంగా ఉండిపోతుందని చూపించారు. మనుషుల సంగతి అంతకన్నా ముందే తెలుసు. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్‌ అర్థంలేని అక్షరాల వరసలను బట్టీపట్టి, ఎంత మరిచిపోతున్నాడో తనమీదే కొలిచాడు. 1885లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. గంటలో సగానికి పైగా పోయింది. రోజు గడిచేసరికి మూడోవంతే మిగిలింది.

కాబట్టి ఒకేరోజు ఎనిమిది గంటలు పాలిటీ చదివితే ఏమవుతుంది? ఆ రోజుకు అంతా వచ్చినట్టే ఉంటుంది. సినాప్స్‌ తాత్కాలికంగా బలపడింది కదా! కొత్త ప్రొటీన్‌ కట్టడానికి మాత్రం టైం కావాలి, మళ్లీ మళ్లీ కబురు రావాలి. అందుకే అవే ఎనిమిది గంటలను రోజుకు రెండు చొప్పున నాలుగు రోజులకు పంచితే, ఖర్చయ్యే టైం అంతే, నిలిచేది ఎక్కువ.

మరి టైంటేబుల్‌ ఎలా?

మొదటిది, ఎడం పాటించండి. ఈరోజు చదివిన టాపిక్‌ను రేపు, మూడోరోజు, వారానికి, నెలకు ఒకసారి తిరగేయండి. మొదటిసారి గంట పడితే, నాలుగోసారికి పది నిమిషాలు సరిపోతుంది.

రెండోది, తిరగేయడమంటే మళ్లీ చదవడం అనుకోకండి. పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోవాలి. 2006లో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది: 83 శాతం. రాసినవాళ్లకు 71. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం, రాసినవాళ్లకు 61! మన పరీక్ష ఐదు నిమిషాల తర్వాత జరగదు కదా.

ఇక్కడే చాలామంది భయపడతారు. పుస్తకం మూస్తే ఏమీ రావట్లేదని మళ్లీ తెరిచేస్తారు. ఆ తడుముకోవడమే అసలు పని. రెండు నిమిషాలు తడుముకోండి, తర్వాతే చూడండి.

మూడోది, నిద్ర తగ్గించకండి. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్‌ చేసిన ప్రయోగంలో నేర్చుకున్న వెంటనే నిద్రపోతే మరుపు తక్కువని తేలింది. పగలు నేర్చుకున్నదాన్ని హిప్పోక్యాంపస్‌ నిద్రలో మళ్లీ మళ్లీ నడిపించుకుంటుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. టీ సాయంత్రం ఐదింటికల్లా ఆపేస్తే మంచిది.

నాలుగోది, సబ్జెక్టులు కలపండి. పొద్దున పాలిటీ, మధ్యాహ్నం అర్థమెటిక్, సాయంత్రం తెలంగాణ చరిత్ర. ఎడం దానంతట అదే వస్తుంది.

కోడ్‌ రాసేవాళ్లకు ఓ మాట

నాచుపల్లిలోని జేఎన్‌టీయూలోనో, సిరిసిల్ల జేఎన్‌టీయూలోనో బీటెక్‌ చదువుతూ ఏఐ ఉద్యోగాల వైపు చూస్తున్నారా? నేనూ ఇంజినీరింగ్‌ చదివినవాడినే కాబట్టి చెబుతున్నా, సినాప్స్‌ మీ సిలబస్‌లో వేరే పేరుతో ఉంది. న్యూరల్‌ నెట్‌వర్క్‌లో ‘వెయిట్‌’ అంటామే, అది సినాప్స్‌ బలానికి నకలు. రెండు కణాలు కలిసి పదేపదే పనిచేస్తే వాటి మధ్య బంధం గట్టిపడుతుందని 1949లో డొనాల్డ్‌ హెబ్‌ అన్నాడు. 1958లో రోజన్‌బ్లాట్‌ పర్సెప్ట్రాన్‌ తెచ్చాడు. ఆ దారిలో పనిచేసిన హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు 2024లో ఫిజిక్స్‌ నోబెల్‌ వచ్చింది.

ఇంటర్వ్యూలో ‘న్యూరల్‌ నెట్‌వర్క్‌ మెదడు లాంటిదేనా?’ అని అడిగితే అవునని తల ఊపేయకండి. పోలిక చెప్పండి, తేడా కూడా చెప్పండి. నెట్‌వర్క్‌లో వెయిట్‌ ఒక అంకె మాత్రమే. సినాప్స్‌లో రసాయనం, టైమింగ్, తుడిచే ఎంజైమ్‌ అన్నీ ఉంటాయి. పైగా మెదడు మొత్తం సుమారు 20 వాట్లతో నడిచిపోతుంది. అంత పొదుపుగా నడిచే చిప్‌ల కోసం న్యూరోమార్ఫిక్‌ కంప్యూటింగ్‌ అనే రంగమే పుట్టింది. ఐబీఎం 2014లో తెచ్చిన ట్రూనార్త్‌ చిప్‌లో 10 లక్షల నకలు న్యూరాన్లు, 25.6 కోట్ల సినాప్స్‌లు ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్‌ వాళ్లకు ప్రాజెక్టు కోసం మంచి టాపిక్‌.

దీన్నే చదువుకోవాలంటే?

దారులు మన దగ్గరి నుంచే మొదలవుతాయి. జగిత్యాల, సిరిసిల్లల్లో ప్రభుత్వ మెడికల్‌ కాలేజీలు ఉన్నాయి. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. డాక్టరు, వ్యవసాయాధికారి, పశువైద్యుడు.. ముగ్గురికీ పైన చెప్పిన ఆ ఎంజైమ్‌ కథ రోజువారీ పనిలో తగిలేదే.

డిగ్రీ తర్వాత పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌ సెంట్రల్‌ యూనివర్సిటీలో నాడీ, కాగ్నిటివ్‌ శాస్త్రాల కేంద్రం ఉంది. ట్రిపుల్‌ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్‌ సైన్స్‌ ల్యాబ్‌ ఉంది. బెంగళూరులో నిమ్‌హాన్స్, ఐఐఎస్సీలోని న్యూరోసైన్స్‌ సెంటర్, హరియాణాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ ఉన్నాయి. ఎన్‌బీఆర్‌సీని మొదట నిలబెట్టిన డైరెక్టర్‌ విజయలక్ష్మి రవీంద్రనాథ్‌ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివినవారే. బయాలజీ వాళ్లకే ఇది అనుకోవద్దు. సంకేతాలను కొలవడానికి ఎలక్ట్రానిక్స్, డేటాకు కోడింగ్, లెక్కకు గణితం.. ఈ ల్యాబ్‌లకు అందరూ కావాలి. అర్హతలు, ప్రవేశ పరీక్షల వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి.

మీకు మీరే పరీక్ష

ఇప్పుడు పేపర్‌ మడిచి పక్కన పెట్టండి. ఈ ఐదింటికి చూడకుండా జవాబులు రాయండి.

1. కరెంటు కణం చివరకు చేరగానే లోపలికి వచ్చేది ఏది? ఆ తర్వాత ఏం జరుగుతుంది?
2. ఆటో లోవీ రెండో గుండెకు ఏం అందించాడు? దాంతో ఏం తేలింది?
3. ఆర్గానోఫాస్ఫేట్‌ మందు ఏ ఎంజైమ్‌ను ఆపుతుంది?
4. కెఫీన్‌ ఎవరి కుర్చీలో కూర్చుంటుంది?
5. కాసేపు నిలిచే జ్ఞాపకానికి, వారాలు నిలిచే జ్ఞాపకానికి సినాప్స్‌ దగ్గర తేడా ఏంటి?

రెండే వచ్చినా పర్లేదు. మిగతా మూడూ చూసి, రేపు మళ్లీ రాయండి. తర్వాత మూడోరోజు, ఆ తర్వాత వారానికి. అప్పటికి ఎన్ని వస్తున్నాయో లెక్క చూసుకుని, అదే పద్ధతిని పాలిటీ మీద పెట్టండి.